అడవిలో కోవాలాను చూడాలంటే: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలో ఉంటున్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తే, రెండో వారానికల్లా ఇంట్లో ఒక ప్రశ్న పుడుతుంది. "కంగారూని రోడ్డు పక్కనే చూశాం. మరి ఆ చెట్టు పట్టుకుని కూర్చునేది ఎక్కడ?" జూకి తీసుకెళ్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. అడవిలో, దాని చెట్టు మీద, దాని పద్ధతిలో అది ఉండగా చూడాలంటే మాత్రం కొంచెం తెలుసుకుని వెళ్ళాలి. చుట్టాలూ స్నేహితులూ నన్ను అడుగుతూ వచ్చినవే ఈ ప్రశ్నలు.

కోవాలా ఎలుగుబంటి జాతేనా?

కాదు. కంగారూలాగే పొట్టసంచిలో పిల్లను పెంచే జంతువు. దగ్గరి చుట్టం వాంబాట్, అది నేలలో బొరియలు తవ్వుకుని బతుకుతుంది. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు గుండ్రటి మొహం చూసి ఎలుగు అనుకున్నారు, ఆ పేరు ఇప్పటికీ వదల్లేదు. కోవాలా అనే మాట మాత్రం సిడ్నీ ప్రాంతపు ఆదివాసులైన దరుగ్ ప్రజల భాష నుంచి వచ్చింది.

అంతరించిపోతోంది అంటారు, మళ్ళీ ఫలానా చోట బోలెడు ఉన్నాయి అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. అందరినీ తికమక పెట్టే విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని కాన్‌బెర్రా ప్రాంతాల్లోని కోవాలాలను ఆస్ట్రేలియా ప్రభుత్వం 2012లో "ముప్పు పొంచి ఉన్న" జాబితాలో పెట్టింది. పదేళ్ళు తిరిగేసరికి పరిస్థితి బాగుపడకపోగా ఇంకా దిగజారింది. 2022 ఫిబ్రవరిలో వాటిని "అంతరించే ప్రమాదంలో ఉన్న" వర్గంలోకి మార్చారు. కారణాలివి: ఇళ్ళకోసం, పొలాలకోసం చెట్లు కొట్టడం, కార్లు, కుక్కలు, క్లమీడియా జబ్బు, వీటికి తోడు 2019-20 వేసవిలో నెలల తరబడి కాలిన అడవులు. న్యూ సౌత్ వేల్స్ పార్లమెంటు కమిటీ 2020లో ఇచ్చిన నివేదిక అయితే, ఏమీ చేయకుండా కూర్చుంటే ఆ రాష్ట్రపు అడవుల్లో 2050 లోపే కోవాలా ఉండదని తేల్చి చెప్పింది.

విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాల కథ వేరు. అక్కడివి ఆ జాబితాలో లేవు. కానీ అక్కడ అవి హాయిగా ఉన్నాయని కూడా అనుకోవద్దు. పంతొమ్మిదో శతాబ్దం చివరా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ బొచ్చు వ్యాపారం కోసం కోవాలాలను లక్షల్లో చంపారు. 1927 ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వేటకు అనుమతి ఇస్తే ఆ ఒక్క నెలలోనే ఐదు లక్షలకు పైగా పోయాయి. దక్షిణాదిన దాదాపు తుడిచిపెట్టుకుపోయాక, విక్టోరియాలో కొన్ని దీవుల్లో మిగిలినవాటిని తెచ్చి మళ్ళీ అడవుల్లో వదిలారు. కొద్ది జంతువుల సంతానమే అంతా. అవి ఉన్న అడవి ముక్కలు చిన్నవి. చిన్న చోట చాలా పుడితే తినే చెట్లన్నీ మోడైపోతాయి. విక్టోరియా తీరంలోని కేప్ ఓట్వేలో 2013-14లో సరిగ్గా ఇదే జరిగింది. ఆకులేక ఎండిపోతున్న దాదాపు 700 కోవాలాలకు అధికారులు సుఖమరణం ఇవ్వాల్సివచ్చింది. 2025లో అదే రాష్ట్రంలోని బుజ్ బిమ్ నేషనల్ పార్కులో మంటల తర్వాత, గాయాలతో ఆకలితో ఉన్నవాటిని హెలికాప్టర్ నుంచి కాల్చి చంపారు, వందల్లో. దాని మీద దేశమంతా గొడవ జరిగింది.

అందుకే "అక్కడ సులువుగా కనబడతాయి" అని ఎవరైనా అంటే, అది మంచి వార్తే అనుకోనక్కర్లేదు.

సరే, ఎక్కడికి వెళ్ళాలి?

మెల్‌బోర్న్ నుంచి అయితే ఎక్కువమంది వెళ్ళేది గ్రేట్ ఓషన్ రోడ్ మీద లోర్న్, అపోలో బే ఊళ్ళ మధ్య ఉన్న కెనెట్ రివర్. కారును కొండ కిందే ఆపి గ్రే రివర్ రోడ్ అనే మట్టిరోడ్డు మీద కొండవైపు నిదానంగా నడుస్తూ పైకి చూడాలి. టూరిస్టు బస్సులన్నీ మధ్యాహ్నం ఇక్కడే ఆగుతాయి కాబట్టి పొద్దున్నే చేరితే మంచిది. చిలకలు భుజాల మీద వాలతాయి. వాటికి గింజలు పెట్టకండి, అందరూ పెడుతున్నారు కదా అని మనమూ పెట్టక్కర్లేదు.

నన్నడిగితే అంతకంటే మంచి చోటు రేమండ్ ఐలాండ్. మెల్‌బోర్న్‌కి తూర్పున దాదాపు 300 కిలోమీటర్లు, పేన్స్‌విల్ ఊరి ఒడ్డు నుంచి ఫెర్రీ ఎక్కితే మాట్లాడుకునేలోపు అవతల దిగుతాం. నడిచి ఎక్కేవాళ్ళకు టికెట్ లేదు. కోవాలాలను 1953లో ఈ దీవికి తెచ్చి వదిలారు. ఊరి వీధుల్లో, ఇళ్ళ ముందు చెట్లలోనే ఉంటాయి. నడవడానికి గుర్తులు పెట్టిన బాట ఒకటుంది, ఎత్తుపల్లాలు లేవు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాలంటే నేను చెప్పేది ఇదే.

అడిలైడ్ వాళ్ళు అదృష్టవంతులు. ఊరికి ఆనుకునే ఉన్న బెలేర్, మోరియాల్టా పార్కుల్లో ఆదివారం ఉదయం నడకకు వెళ్ళి చూసి రావచ్చు. కంగారూ ఐలాండ్‌లోనూ ఉన్నాయి. 1920ల్లో అక్కడ వదిలిన 18 జంతువుల నుంచి పెరిగి 2019 నాటికి యాభై వేల దాకా ఉంటాయని అంచనా వేశారు. ఆ తర్వాతి మంటల్లో దీవి సగం దాకా కాలిపోయింది, కోవాలాల్లో చాలా భాగం పోయాయి.

క్వీన్స్‌లాండ్‌లో టౌన్స్‌విల్ ఎదురుగా సముద్రంలో ఉన్న మాగ్నెటిక్ ఐలాండ్ చాలా బాగుంటుంది. ఫోర్ట్స్ వాక్ అని రానుపోను నాలుగు కిలోమీటర్ల కొండబాట. రెండో ప్రపంచయుద్ధంలో కట్టిన ఫిరంగి స్థావరాలు పైన, దారిలో చెట్ల మీద కోవాలాలు. వీటినీ 1930ల్లో బయటినుంచే తెచ్చారు. వేడి ప్రాంతం, నీళ్ళ సీసా మర్చిపోవద్దు. బ్రిస్బేన్ వాళ్ళకు ఊరికి దక్షిణాన డెయిజీ హిల్ పార్కు, గోల్డ్ కోస్ట్ వాళ్ళకు కూంబాబా సరస్సు దగ్గరి అడవి ఉన్నాయి. నూసా నేషనల్ పార్కు గురించి పాత గైడు పుస్తకాల్లో గొప్పగా రాసి ఉంటుంది, ఇప్పుడు అక్కడ కనబడటం అరుదు. దాన్ని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోవద్దు.

సిడ్నీ సంగతి కొంచెం కష్టం. నగరపు నైరుతి అంచున కాంప్‌బెల్‌టౌన్ చుట్టుపక్కల, జార్జెస్ నది వెంబడి ఉన్న కోవాలాలకు క్లమీడియా లేకపోవడం వల్ల వాటికి చాలా ప్రాముఖ్యం ఉంది. అయితే చెల్లాచెదురుగా ఉంటాయి, వెళ్ళగానే దొరకవు. ఉత్తరానికి వెళ్తే పోర్ట్ స్టీఫెన్స్ వైపు టనిల్బా బేలో టిలిగెరీ అనే చిన్న అడవి ఉంది.

పెర్త్, డార్విన్, టాస్మేనియా? అక్కడి అడవుల్లో సహజంగా కోవాలాలు లేవు. ఎవరైనా చూశామంటే అది జూయో, తెచ్చి పెట్టిన చోటో అయి ఉంటుంది.

ఏ నెలలో వెళ్ళాలి?

ఏడాది పొడుగునా ఉంటాయి. వలస పోవు, శీతాకాలపు నిద్ర లేదు. అయినా ఆగస్టు చివరి నుంచి డిసెంబరు దాకా నా ఓటు. అది జతకట్టే కాలం కాబట్టి మగవి చెట్టు నుంచి చెట్టుకు తిరుగుతాయి, అరుస్తాయి. తల్లి వీపు మీద పిల్లలు కనబడే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. జనవరి, ఫిబ్రవరిలో మంటల హెచ్చరిక తీవ్రంగా ఉన్న రోజుల్లో చాలా పార్కులు మూసేస్తారు. బయల్దేరే ముందు రోజు రాత్రి చూసుకోండి. "ఇంతదూరం వచ్చాం కదా" అని మూసిన గేటు దాటి వెళ్ళే పని పెట్టుకోకండి.

వేళ విషయానికొస్తే తెల్లవారినప్పుడు, సాయంత్రం పొద్దుగూకే ముందు.

గంటసేపు తల ఎత్తి చూశాం, ఒక్కటీ కనబడలేదు. ఎలా వెతకాలి?

మనవాళ్ళందరూ చేసే పొరపాటు జంతువు కోసం వెతకడం. ముందు చెట్టు కోసం వెతకాలి.

యూకలిప్టస్‌లో 700కు పైగా రకాలున్నాయి. కోవాలా తినేది వాటిలో కొద్ది రకాలే, ఒక్కో ప్రాంతంలో ఇష్టంగా తినేవి మరీ తక్కువ. దక్షిణాదిన మన్నా గమ్ అనే చెట్టుకు అవి ప్రాణం పెడతాయి. నున్నటి తెల్లటి కాండం, బెరడు పొడవాటి రిబ్బన్లలాగా ఊడి వేలాడుతుంటుంది. ఒకసారి గుర్తుపట్టారంటే ఇక మర్చిపోరు. ఉత్తరాదిన రెడ్ గమ్, టాలోవుడ్, గ్రే గమ్.

చెట్టు దొరికాక పైకి కాదు, కిందికి చూడండి. చెట్టు మొదలు చుట్టూ పెంటికలు వెతకండి. మేక పెంటికల కంటే పొడుగు, ఈతగింజ ఆకారం, గట్టిగా ఉంటాయి. పచ్చివైతే ఆకుపచ్చ ఛాయ, నలిపితే నీలగిరి తైలం వాసన. (మొదటిసారి నలిపి వాసన చూసినప్పుడు మా అబ్బాయి నాకు దూరంగా నడిచాడు.) తర్వాత కాండం మీద గోళ్ళ గీతలు చూడండి. నున్నటి బెరడు మీద అవి స్పష్టంగా పడతాయి. తాజా పెంటికలు, గీతలు రెండూ ఉంటే పైన ఉండే అవకాశం బాగా ఉంది.

ఇప్పుడు పైకి. కొమ్మల చివర్లు కాదు, పంగలు చూడాలి. కొమ్మ చీలిన చోట బూడిదరంగు మూట ఇరికించినట్టు ఉంటుంది. మొహం కనబడాలని ఆశించకండి, పదింట ఎనిమిదిసార్లు కనబడేది వీపూ పిర్రా. పిర్ర దగ్గర తెల్లటి మచ్చలుంటాయి, కింది నుంచి చూస్తే వెలుతురు పడ్డ ఆకుల్లో కలిసిపోతాయి. చెదపుట్టలు, బదనిక గుబురులు బాగా మోసం చేస్తాయి. మా అత్తయ్యగారు ఒక చెదపుట్టకు పావుగంట చేయి ఊపారు. అనుమానం వస్తే చెట్టు చుట్టూ సగం చక్రం నడవండి. ఇంకో కోణంలో చెవి అంచు, బొచ్చు కుచ్చు తేలతాయి. గాలి వీచినప్పుడు చూడండి: ఆకులు ఊగుతాయి, మూట ఊగదు.

ఇంకో చిట్కా, కొంచెం సిగ్గుగా ఉన్నా చెబుతా. రోడ్డు పక్కన నలుగురు మనుషులు మెడలు వెనక్కి విరిచి నిలబడి ఉంటే అక్కడ ఆగండి.

ఎప్పుడు చూసినా నిద్రేనా? ఆకుల్లో మత్తు ఉంటుందట కదా?

మత్తేమీ లేదు, అది ఊరికే పుట్టిన మాట. యూకలిప్టస్ ఆకులో పోషకాలు తక్కువ, పీచు ఎక్కువ, పైగా విషం. ఆ విషాన్ని కాలేయం విరగ్గొట్టాలి, ఆ పీచును రెండు మీటర్ల దాకా పొడవుండే పేగుభాగంలో నిదానంగా పులియబెట్టుకోవాలి. ఇంత కష్టపడితే వచ్చే శక్తి చాలా కొంచెం. అందుకని రోజులో 18 నుంచి 20 గంటలు నిద్రలోనో, కదలకుండానో గడుపుతుంది. జీతం తక్కువైన ఇంట్లో ఖర్చు తగ్గించుకున్నట్టు.

మీరు చప్పుడు చేసినందువల్ల అది లేచి పై కొమ్మకు ఎక్కిందంటే, ఆ రోజు బడ్జెట్‌లోంచి మీరు కొంత ఖర్చు చేయించినట్టే.

మరి ఎంత దూరంలో నిలబడాలి?

పార్కు బోర్డు మీద ఉన్నది పాటించండి. బోర్డు లేకపోతే చెట్టు కిందే గుంపుగా నిలబడకుండా పది మీటర్లైనా వెనక్కి ఉండండి. మీరు వచ్చాక అది కళ్ళు పెద్దవి చేసి మీవైపే చూస్తున్నా, చెవులు అటూ ఇటూ తిప్పుతున్నా, కొమ్మ మీద కదులుతున్నా చాలా దగ్గరగా ఉన్నారని అర్థం. కొమ్మ ఊపడం, ఈల వేయడం, పుల్లతో తట్టడం చట్టప్రకారం కూడా తప్పే.

ఫోటోకి ఫ్లాష్ వద్దు. ఫోన్‌తో జూమ్ చేస్తే బూడిదరంగు మచ్చ వస్తుంది, అందుకు బాధపడకండి. ఒక జత బైనాక్యులర్లు అప్పు తెచ్చుకుంటే కెమెరా కంటే ఎక్కువ ఆనందం.

రాత్రి టెంటులో పడుకుంటే ఏదో భయంకరంగా అరిచింది. అదేమిటి?

బహుశా మగ కోవాలా. గురకా, గాడిద ఓండ్రా కలిపినట్టు ఉంటుంది. పది కిలోల జంతువు అంత లోతైన గొంతుతో ఎలా అరుస్తుందని శాస్త్రజ్ఞులూ ఆశ్చర్యపోయారు. 2013లో తేలిందేమిటంటే, మామూలు స్వరపేటిక కాకుండా గొంతు వెనకభాగంలో దానికి ఇంకో జత స్వరతంత్రులున్నాయి. టెన్షన్ వద్దు, అది మిమ్మల్ని కాదు, ఇంకో మగదాన్ని బెదిరిస్తోంది.

పిల్ల కనబడితే ఎంత వయసుదో చెప్పొచ్చా?

దాదాపుగా. గర్భంలో ఉండేది 35 రోజులే. పుట్టినప్పుడు చిక్కుడుగింజంత, గ్రాము కూడా ఉండదు. ఆరు నెలలు సంచిలోనే. ఆ తర్వాత తల్లి మామూలు పెంటికలకు బదులు మెత్తటి పదార్థం ఒకటి విసర్జిస్తుంది, పిల్ల దాన్ని తింటుంది. మనకు వికారంగా అనిపించినా, ఆకు అరిగించే సూక్ష్మజీవులు దాని కడుపులోకి చేరే దారి అదే. కాబట్టి సంచిలోంచి తల మాత్రం బయట పెడితే ఆరు నెలలు అటూఇటూ, వీపు మీద స్వారీ చేస్తుంటే ఏడు నెలల నుంచి ఏడాది.

ఎత్తుకుని ఫోటో దిగాలని మా పాప ఏడుస్తోంది. ఎక్కడ కుదురుతుంది?

అడవిలో ఎక్కడా కుదరదు, దాని గోళ్ళు చూస్తే మీకే అనిపించదు. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల్లో జూలో కూడా ఎత్తుకోనివ్వరు. క్వీన్స్‌లాండ్‌లో కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. 1927 నుంచి నడుస్తున్న బ్రిస్బేన్‌లోని లోన్ పైన్ శాంక్చువరీ, ప్రపంచమంతా ఆ ఫోటోలకే వచ్చేది, 2024లో తనే ఆ పద్ధతి మానేసింది. పాపకు ఆ సంగతే చెప్పి, ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి.

ఎండగా ఉంది, దాహంగా ఉన్నట్టుంది. సీసాతో నీళ్ళు పట్టొచ్చా?

వద్దు. మంటలప్పుడు అలాంటి వీడియోలు బాగా తిరిగాయి, చూసి మనమూ కరిగిపోయాం. కానీ తల పైకెత్తి సీసాతో పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణం పోవచ్చు. కోవాలా నీళ్ళు తాగేది తల వంచి. చాలావరకు ఆకుల్లోని తేమ చాలు, వాన పడితే కాండం మీద జారే నీటిని నాకుతుంది. ఎండలో చల్లటి కాండాన్ని కావలించుకుని ఉండేది ఒళ్ళు చల్లబరచుకోవడానికి, అది ప్రేమ కాదు, ఏసీ. మరీ నీరసంగా కనిపిస్తే గిన్నెలో నీళ్ళు చెట్టు మొదట్లో పెట్టి దూరం జరిగి, కింద చెప్పినవాళ్ళకు ఫోన్ చేయండి.

నేల మీద కూర్చుని ఉంది, మనుషుల్ని చూసినా కదలడం లేదు. ఏం చేయాలి?

పగటిపూట చెట్టు మారుతూ నేల మీద నడిచి వెళ్తుంటే కంగారు లేదు, దారి ఇవ్వండి. ఊరికే కూర్చుని ఉంటే, కళ్ళు ఎర్రగా పుసులు కడితే, పిర్ర తడిగా గోధుమరంగు మరకలతో ఉంటే అది జబ్బు చేసిన కోవాలా. ఆ మరక సాధారణంగా క్లమీడియా గుర్తు. ఈ జబ్బు కళ్ళు పోగొడుతుంది, మూత్రాశయాన్ని పాడుచేస్తుంది, ఆడవాటికి పిల్లలు పుట్టకుండా చేస్తుంది. క్వీన్స్‌లాండ్‌లోని సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన టీకాకు 2025లో అనుమతి వచ్చింది. ఇన్నేళ్ళలో ఇది మంచి కబురు.

జంతువుల్ని కాపాడే సంస్థలకు ఫోన్ చేయండి: విక్టోరియాలో వైల్డ్‌లైఫ్ విక్టోరియా (03 8400 7300), న్యూ సౌత్ వేల్స్‌లో వైర్స్ (1300 094 737), క్వీన్స్‌లాండ్‌లో ఆర్‌ఎస్‌పీసీఏ (1300 264 625). ఎక్కడున్నారో కచ్చితంగా చెప్పి, వాళ్ళు వచ్చేదాకా కుక్కల్ని, జనాన్ని దూరంగా ఉంచితే చాలు. పట్టుకోబోతే కరుస్తుంది. కారు తగిలి చనిపోయినదాన్ని చూసినా ఫోన్ చేయండి, సంచిలో పిల్ల బతికి ఉండొచ్చు.

చూసి తిరిగొచ్చేటప్పుడు చీకటి పడుతుంది కదా. పసుపు బోర్డు మీద కోవాలా బొమ్మ ఉన్న రోడ్లలో వేగం తగ్గించండి. చూడటానికి వెళ్ళి గుద్ది రావడం కంటే దారుణం ఉండదు.

మన ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో జామాయిల్ తోటలు బోలెడున్నాయి. అక్కడ పెంచితే బతకవా?

ఈ ప్రశ్న వేసింది మా బాబాయి. నవ్వాను గానీ, ప్రశ్న మంచిదే. జామాయిల్ అంటే యూకలిప్టస్సే. మన దగ్గర కాగితపు మిల్లుల కోసం పెంచేది ఎక్కువగా ఆస్ట్రేలియా ఫారెస్ట్ రెడ్ గమ్, రివర్ రెడ్ గమ్‌ల సంతతి. ఈ రెండూ కోవాలా ఇష్టంగా తినే చెట్లే! ఆకు దొరుకుతుంది. కానీ మే నెల ఎండకు తట్టుకోవాలి, వీధికుక్కల్ని తప్పించుకోవాలి, నాలుగైదేళ్ళకోసారి తోట మొత్తం నరికేస్తే ఎక్కడికి పోవాలి? ఈ చివరి కష్టం ఊహ కాదు. నైరుతి విక్టోరియాలో కలప కోసం వేసిన బ్లూ గమ్ అనే యూకలిప్టస్ తోటల్లోకి కోవాలాలు వేలల్లో చేరాయి. కోత మొదలైతే వాటికి ఇల్లు పోతుంది, పక్క అడవిలో ఇప్పటికే చోటు నిండి ఉంటుంది. నరికే ముందు చెట్టు చెట్టూ చూసి, కోవాలా ఉన్న చెట్టునూ దాని చుట్టూ ఇంకొన్నిటినీ వదలాలని అక్కడ నిబంధన.

గైడెడ్ టూర్ తీసుకోవాలా?

ఒక్కరోజే ఉంటే తీసుకోండి. స్థానిక గైడులు ఏ చెట్టు మీద నిన్న ఏది ఉందో చెబుతారు. కొందరు ముక్కు మీది తెలుపు నలుపు మచ్చలను బట్టి ఒక్కోదాన్ని గుర్తుపడతారు. బుక్ చేసేముందు ఒక ప్రశ్న అడగండి: "కనబడకపోతే ఏం చేస్తారు?" తప్పకుండా చూపిస్తాం అని ఎవరైనా అంటే, అది కంచె వేసిన చోటేమో కనుక్కోండి.

ఎంత వెతికినా కనబడలేదు. ఇక ఇండియా ఫ్లైట్ ఎల్లుండే!

అప్పుడు విక్టోరియాలో ఫిలిప్ ఐలాండ్‌లోని కోవాలా రిజర్వ్‌కి వెళ్ళండి. చుట్టూ కంచె ఉంది, కానీ నిజమైన చెట్లలోనే ఉంటాయి, కొమ్మల ఎత్తున చెక్కబాటల మీద నడుస్తూ చూడొచ్చు. సాయంత్రం అదే దీవిలో పెంగ్విన్లు. మా అత్తయ్యగారు చివరికి అక్కడే చూశారు. చూసి, "ఆ పుట్ట కూడా అచ్చం ఇలాగే ఉంది కదమ్మా" అన్నారు.